ట్యాంకు మోడళ్లు: ఓరుగల్లు ఎండల్లో కిట్లు చేసేవాళ్లకు తరచుగా ఎదురయ్యే ప్రశ్నలు

ఇంటికొచ్చిన చుట్టాలు బల్ల మీది డబ్బాలు చూసి అడిగినవి కొన్ని, కొత్తగా కిట్ కొన్న కుర్రాళ్లు రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగినవి కొన్ని. చెప్పిందే చెప్పి నోరు నొచ్చింది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసేమీ లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గర ఆగండి.

ట్యాంకు చేస్తున్నానంటే అందరూ మిద్దె మీది నీళ్ల ట్యాంకు అనుకుంటున్నారు. ఏం చెప్పాలి?

అందులో వాళ్ల తప్పేం లేదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల పక్కన పుట్టినవాళ్లకు ట్యాంకంటే మొదట నీళ్లే గుర్తుకొస్తాయి. అసలు ఆ పేరు పుట్టిందే నీళ్ల అబద్ధంతో. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాళ్లు ఈ బండిని రహస్యంగా తయారు చేస్తూ, బయటివాళ్లకు తెలియకుండా నీళ్లు మోసే తొట్లు చేస్తున్నామని చెప్పుకున్నారు. ఆ పేరే అంటుకుపోయింది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో మొదటిసారి దిగేనాటికి ఇంకో పేరు పెట్టే తీరిక ఎవరికీ లేదు. మా అత్తమ్మకు ఇదంతా చెప్తే, "అయితే గండ్ల నీళ్లు పోస్తరా, పొయ్యరా?" అని అడిగింది. పొయ్యరని చెప్పాను.

గివి పిల్లలు ఆడుకునే బొమ్మలే గదా?

కావు. డబ్బాలో వచ్చేది బొమ్మ కాదు, రెండు మూడు వందల ముక్కలు. చక్రాలు తిప్పుకుంటూ నేల మీద నడిపిస్తే మొదటి రోజే యాంటెన్నా విరుగుతుంది. పదేళ్ల పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని చేయొచ్చు. బ్లేడు మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

ఏ స్కేలుతో మొదలుపెట్టాలి?

స్కేలంటే మోడల్ అసలు బండిలో ఎన్నో వంతు అని. ట్యాంకులకు ఎక్కువగా నడిచేవి మూడు: 1/72, 1/48, 1/35. లెక్క చిన్నదే. ఫిరంగి గొట్టంతో కలిపి టి-55 అనే రష్యా ట్యాంకు పొడవు సుమారు 9 మీటర్లు. 1/35లో అది 26 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, 1/72లో పన్నెండున్నర. ఆరడుగులకు కొంచెం తక్కువుండే మనిషి 1/35లో మీ చూపుడు వేలి కన్నా పొట్టి, 1/72లో ఆ వేలి మొదటి కణుపంత.

1/35 అనే వింత అంకె ఎందుకొచ్చిందని చాలామంది అడుగుతారు. 1960ల మొదట్లో జపాన్‌లో టమియా వాళ్లు పాంథర్ ట్యాంకు కిట్ చేస్తూ, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజులో డొల్ల గీసుకున్నారు. ఆ తర్వాత కొలిచి చూస్తే అసలు బండిలో ముప్పై అయిదో వంతు వచ్చింది. బ్యాటరీ కోసం కుదిరిన కొలత ప్రపంచమంతా ప్రమాణమైంది.

మొదటి కిట్‌కు నా సలహా: 1/35లో పాత తరం టమియా ఏదైనా సరే. ముక్కలు తక్కువ, అతుకులు కచ్చితంగా కుదురుతాయి. డబ్బు చూసుకోవాలంటే జ్వెజ్దా అనే రష్యా కంపెనీ వాళ్ల 1/72 కిట్లు బాగుంటాయి, కొన్ని బంక లేకుండానే బిగుసుకుంటాయి. మొదటిసారే లోపలి ఇంజనుతో సహా వెయ్యి ముక్కలుండే కిట్ కొనకండి. అలాంటిది కొన్నవాళ్లలో సగం మంది డబ్బా మళ్లీ అలమారలోకే ఎక్కడం కళ్లారా చూశాను.

మన సైన్యం ట్యాంకులు కిట్లుగా దొరుకుతాయా?

మన పేరుతో అచ్చయిన డబ్బాలు తక్కువ. కానీ మనవాళ్లు వాడినవి బయటి దేశాల నమూనాలే ఎక్కువ కాబట్టి దారి ఉంది. 1965లో, 1971లో పోరాడిన సెంచూరియన్ కిట్లు దొరుకుతాయి. 1971 బసంతర్ యుద్ధంలో పరమవీర చక్ర అరుణ్ ఖేతర్‌పాల్ నడిపిన ట్యాంకు పేరు ఫామగుస్తా. అదీ సెంచూరియనే. అవతల పాకిస్తాన్ వైపున్న ప్యాటన్ ట్యాంకులు చేయాలంటే ఎం-47, ఎం-48 రెండూ దొరుకుతాయి. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో పట్టుబడినవి, కాలిపోయినవి అవే. టి-55, టి-72, టి-90 కిట్లకు కొదవ లేదు.

మనకు దగ్గరి బండి ఇంకొకటుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే సారథ్. అసలు పేరు బీఎంపీ-2. నిజానికి ఇది ట్యాంకు కాదు, సైనికులను లోపల కూర్చోబెట్టుకుని పోయే పోరాట బండి. కానీ చైన్లుంటాయి, టరెట్, అంటే ఫిరంగితో సహా తిరిగే పై గోపురం, ఉంటుంది, బల్ల మీద ట్యాంకు పక్కన కూర్చోగలదు. తెలంగాణలో తయారైన బండిని తెలంగాణలో కూర్చుని చిన్నగా చేయడంలో ఉన్న సరదా వేరు.

నిజం ట్యాంకులను చుట్టూ తిరిగి చూడాలంటే మహారాష్ట్రలోని అహిల్యానగర్‌లో, అంటే పాత అహ్మద్‌నగర్‌లో, కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది. షిర్డీకి పోయేవాళ్లు ఇంకో పూట కలుపుకుంటే సరిపోతుంది. ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి ఈ దారి నాకు పనికొచ్చింది.

కిట్లు వరంగల్‌లో దొరకవు గదా, ఎట్లా తెప్పించాలి?

మన దేశంలోనే ఉన్న హాబీ దుకాణాల దగ్గర ఆన్‌లైన్‌లో కొనడం మేలు. ధర ఎక్కువనిపిస్తుంది, కానీ కస్టమ్స్ తలనొప్పి వాళ్లే పడి ఉంటారు. విదేశం నుంచి నేరుగా తెప్పిస్తే స్కేలు మోడళ్లు కూడా ఆటబొమ్మల పద్దు కిందికే వస్తాయి. ఆ పద్దు మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఈ అంకెలు బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతుంటాయి, ఆర్డరు పెట్టే రోజున చూసుకోండి. నా పార్శిలు ఒకటి నెలన్నర ఎక్కడో ఆగి, డబ్బా నలిగి చేతికొచ్చింది. లోపలి ముక్కలకు ఏమీ కాలేదు. డబ్బా మీది బొమ్మ ఉన్న మూతను అద్దం కట్టించుకోవాలనుకున్నాను, అది మాత్రం పోయింది.

పనిముట్లు ఏవి కొనాలి?

మూడింటికి డబ్బు పెట్టండి: ఫ్రేము నుంచి ముక్కలు కత్తిరించే మంచి నిప్పర్, పాలిస్టైరిన్ బంక, ఒక సన్నటి బ్రష్షు. మిగతాదంతా ఊళ్లోనే దొరుకుతుంది. గోళ్లు నునుపు చేసే బఫర్లు ఫ్యాన్సీ స్టోర్లో. కార్లకు రంగేసేవాళ్లు వాడే వాటర్ పేపర్ 400, 600, 1000 నంబర్లవి పెయింట్ల షాపులో. అతుకు ఆరేదాకా పట్టి ఉంచడానికి బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు. రంగులో థిన్నర్ కొలిచి కలపడానికి మెడికల్ షాపు సిరంజి. రంగు కలిపే పళ్లెం కొనకండి. అయిపోయిన మాత్రల పత్తాలో గుంటలుంటాయి చూడండి, ఒక్కో గుంటలో రెండు చుక్కలు సరిగ్గా పడతాయి.

ఫెవిక్విక్ ఉండగా వేరే బంక ఎందుకు?

ఫెవిక్విక్ రెండు ముక్కలను పైపైన పట్టుకుంటుంది. పాలిస్టైరిన్ బంక అట్లా కాదు, రెండు అంచులనూ కరిగించి ఒక్కటి చేస్తుంది. ఆరాక అది అతుకు కాదు, ఒకే ముక్క. పైగా ఫెవిక్విక్ అతుకు పెళుసు, కింద పడితే చటుక్కున ఊడుతుంది. దాని ఆవిరి అద్దం ముక్కల మీద తెల్లటి పొర వేస్తుంది. కొన్ని కిట్లలో వచ్చే సన్నటి ఇత్తడి ముక్కలకు, రెజిన్ పోత ముక్కలకు మాత్రం అదే కావాలి, ఎందుకంటే ప్లాస్టిక్ బంక వాటిని కరిగించలేదు.

పల్చటి బంకను పూయకూడదు. రెండు ముక్కలూ దగ్గర పెట్టి అంచున బ్రష్షు తాకిస్తే, సందులోకి అదే పాకిపోతుంది. మీ వేలు ఆ అంచు మీద ఉంటే మాత్రం మీ వేలిముద్ర ట్యాంకు మీద శాశ్వతం.

సందులు, గీతలు కనిపిస్తున్నాయి. ఎట్లా పూడ్చాలి?

చేర్యాల నకాషీ కళాకారులు మాస్కులు చేసేటప్పుడు చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి వాడతారు, పైన సుద్ద పూత వేశాకే రంగు ముడతారు. మనదీ అదే క్రమం: పుట్టీ, సాండింగ్, ప్రైమర్, ఆ తర్వాతే రంగు. కత్తిరించి పారేసే ఫ్రేము ముక్కలను బంక సీసాలో వేసి రెండు రోజులుంచితే చిక్కటి లేపనమవుతుంది. అదే ప్లాస్టిక్ కాబట్టి ఆరాక రాసినట్టే తెలియదు. ఫిరంగి గొట్టం రెండు బద్దలుగా వస్తే ఆ అతుకు గీత పూర్తిగా పోయేదాకా రుద్దండి, కానీ గుండ్రం పోకూడదు. గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ రుద్దాలి, ఒకే వైపు కాదు.

గీతలన్నీ లోపాలు కావు, గరుకంతా తప్పు కాదు. టి-55 టరెట్ ఉక్కుతో పోత పోసింది, దాని ఒళ్లు గరుకుగానే ఉంటుంది. కిట్‌లో నున్నగా వస్తే, పల్చటి పుట్టీ పూసి పాత టూత్‌బ్రష్షుతో పొడవండి. పాంథర్ లాంటివి పలకలు వెల్డింగు చేసిన బండ్లు. వాటి పలకల మీద ఈ పని చేస్తే తప్పు.

ఇత్తడి ముక్కలు వంచుతుంటే విరిగిపోతున్నాయి?

సన్నటి ఇత్తడి రేకు గట్టిగా ఉంటుంది. పెంబర్తి ఇత్తడి పనివాళ్లు రేకును కాల్చి మెత్తబరచి కొడతారు, మీరూ దీపం మంట మీద ఒక్క క్షణం రంగు మారేదాకా పట్టి చల్లారనివ్వండి. ఆ తర్వాత మడ్‌గార్డు మీద నలిగిన సొట్టలు కూడా వేళ్లతోనే వస్తాయి. మొదటి రెండు కిట్లకు ఇత్తడి జోలికి పోకపోవడమే మంచిది.

ఎయిర్‌బ్రష్ తప్పనిసరా?

గాలితో రంగును తుంపరగా చిమ్మే ఆ పనిముట్టు తప్పనిసరి కాదు. మామూలు బ్రష్షుతో పల్చగా మూడు నాలుగు పూతలు, ఒకటి పూర్తిగా ఆరాక ఇంకొకటి వేస్తే చాలు. ఒకే పూతలో పచ్చదనం నిండాలని ఆశపడితేనే గీతలు పడతాయి. ఎయిర్‌బ్రష్ కొంటే 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌ది, గాలినీ రంగునూ విడివిడిగా అదుపు చేసే డబుల్ యాక్షన్‌ది కొనండి. గాలి తొట్టి ఉన్న కంప్రెసర్ తీసుకోండి, కరెంటు పోయినా చేతిలో ఉన్న పూత ముగించేంత గాలి మిగులుతుంది. గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, రంగును పాల చిక్కదనానికి తెచ్చుకోండి.

ఎండాకాలం రంగు వేస్తే ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తోంది. నా రంగు చెడిపోయిందా?

రంగు చెడిపోలేదు, కాలం చెడ్డది. ఈ ఒక్క ప్రశ్నే నన్ను ఎక్కువమంది అడిగారు, కాబట్టి వివరంగా చెప్తాను.

నాజిల్ నుంచి వచ్చే రంగు తుంపర, మోడల్‌ను తాకేదాకా తడిగా ఉండాలి. తాకాక పరుచుకుని ఆరాలి. 43, 44 డిగ్రీల వడగాలిలో అది మధ్యదారిలోనే ఆరి, పొడిగా వచ్చి పడుతుంది. అదే ఆ గరుకు. నాజిల్ కొన మీదా అట్లాగే గడ్డకట్టి, ఉండుండి ఉమ్మేస్తుంది. విదేశీయులు చెప్పే పాళ్లు వాళ్ల చలి గదులకు సరిపోతాయి, ఇక్కడ సరిపోవు. వాళ్లు ఒక వంతు రంగుకు ఒక వంతు థిన్నర్ అంటే, మే నెలలో నేను ఒకటిన్నర నుంచి రెండు వంతులు పోస్తాను, పైన రెండు చుక్కలు రంగును నెమ్మదిగా ఆరనిచ్చే రిటార్డర్. నాజిల్‌ను మోడల్‌కు ఇంకొంచెం దగ్గరగా పట్టుకుంటాను. కొనను తడి దూదితో నిమిషానికోసారి తుడుస్తాను. అన్నిటికన్నా ముఖ్యం పొద్దు: తెల్లారి అయిదు నుంచి ఏడు లోపు, ఫ్యాను ఆపి.

రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ప్లాస్టిక్ ఎంత? ఆ పదిహేను రోజులు నేను రంగు ముట్టను. ముక్కలు కత్తిరించడం, రుద్దడం, అతకడం పెట్టుకుంటాను, బంకకు వేడి మంచిదే. మృగశిర చిరుజల్లు పడ్డాక నాలుగు రోజులు గాలిలో దుమ్ము అణుగుతుంది. నా దృష్టిలో ఏడాదిలో అవి బంగారం లాంటి రోజులు, ప్రైమర్ అంతా అప్పుడే. ఇక అసలైన రంగుల కాలం కార్తీకం నుంచి శివరాత్రి దాకా.

ఇంకో మాట. పార్కింగ్‌లో పెట్టిన కారులో కిట్ వదలకండి. పాలిస్టైరిన్ 100 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది, అంతకు చాలా ముందే సన్నటి ముక్కలు వంగడం మొదలవుతుంది. మధ్యాహ్నపు కారు డ్యాష్‌బోర్డు ఆ వంగే వేడికి సులువుగా చేరుతుంది. పాత కిట్లలో వచ్చే రబ్బరు లాంటి చైన్లు కూడా వేడిలో చక్రాల ప్లాస్టిక్‌ను తినేస్తాయి. చక్రాలకు ముందే రంగు, వార్నిష్ వేసి ఉంచండి.

వానకాలం వార్నిష్ కొడితే తెల్లగా మంచు పట్టినట్టయింది?

వార్నిష్‌లోని ద్రావకం ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, ముసురు గాలిలోని తేమ దాని మీద చేరి లోపల చిక్కుకుంటుంది. పొరపాటు మీది కాదు, శ్రావణానిది. గీకకండి. పొడిగా ఉన్న రోజు చూసి పైన ఇంకో పల్చటి గ్లాస్ పూత, అంటే మెరిసే వార్నిష్, వేస్తే చాలాసార్లు తేమ విడిపోతుంది. కంప్రెసర్‌కు తేమ పట్టే సీసా లేకపోతే ఈ నెలల్లో దాన్ని బయటికి తీయనే వద్దు.

ఇక్కడ స్టేషనరీ షాపులో దొరికే అక్రిలిక్ రంగులు పనికొస్తాయా?

నేల, గోడలు, చెట్లు వేయడానికి హాయిగా వాడండి. బండి మీద మాత్రం వద్దు. వాటిలో రంగు రేణువు ముతక, 1/35 బండి మీద గోడకు సున్నం కొట్టినట్టుంటుంది. టమియా అక్రిలిక్‌లు వాళ్ల థిన్నర్‌తో గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ కలుస్తాయి. వాలెహో రంగుల్లో మాత్రం ఆల్కహాల్ పోయకండి, విరిగిన పాలలా గడ్డలవుతుంది. వాటికి వాళ్ల థిన్నరో నీళ్లో చాలు.

చైన్లు ఎట్లా ఉంటే నిజంలా కనిపిస్తాయి?

బరువు కనిపించాలి. టి-55కు పైన చైనును మోసే చిన్న రోలర్లు లేవు, అందుకే పై చైను కిందికి జారి చక్రాల మీద ఆనుకుంటుంది. టి-72కు మూడు చిన్న రోలర్లున్నాయి, వాటి మధ్య మధ్య కొంచెం వేలాడుతుంది. అమెరికా వాళ్ల షెర్మన్ ట్యాంకులో చైను బిగుతుగా ఉంటుంది, దానికి ఈ జారుడు పెడితే నవ్వుతారు. టి-55 గుర్తు ఇంకొకటి: ముందున్న మొదటి చక్రానికీ రెండోదానికీ మధ్య సందు ఎక్కువ. చక్రాలు అంటించేటప్పుడు ఆ సందు చూసుకోండి.

మట్టి, దుమ్ము ఎట్లా వేయాలి? నేను వేస్తే బురదలో ముంచినట్టుంది.

ఫోటోల కన్నా మంచి గురువు మన పొలాల్లోనే ఉంది. యాసంగి కోతలప్పుడు చైన్ హార్వెస్టర్ మడిలోంచి రోడ్డెక్కగానే ఆపి చూడండి. బురద అంతటా ఒక్కలా ఉండదు. చక్రాల సందుల్లో ముద్దలుగా, చైను బయటి వైపు రోడ్డు రాపిడికి మెరుస్తూ, మడ్‌గార్డు కింద ఎండి పొరలుగా, పైన ఒట్టి దుమ్ము. డ్రైవరు ఎక్కే చోట మాత్రమే రంగు అరిగి ఉంటుంది. ట్యాంకుకూ ఇంతే.

చెల్క మట్టి ఎండబెట్టి, పెనం మీద వేయించి, పాత పంచె గుడ్డలో జల్లించి సీసాలో పెట్టుకోండి, ఉచితమైన పిగ్మెంటు, అంటే రంగు పొడి. గుడ్డలోంచి జల్లించడం ఎందుకంటే, అర మిల్లీమీటరు ఇసుక రేణువు కూడా 1/35లో రేగుపండంత రాయి. రంగు పోయిన మచ్చలకూ అదే లెక్క: మీరు పెట్టిన ఒక మిల్లీమీటరు మచ్చ అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్లు. అయితే మట్టి ఎక్కడిదో చూసుకోండి. ఒక మిత్రుడు సెంచూరియన్‌కు మా పొలం ఎర్రమట్టి దట్టించి బసంతర్ అని పేరు పెట్టాడు. అది బసంతర్ కాదు, జనగామ. అక్కడిది నదులు తెచ్చిన బూడిద గోధుమ మట్టి. రాజస్థాన్‌లోని లోంగేవాలా అయితే పాలిపోయిన ఎడారి ఇసుక.

సందుల్లో నీడలా దిగే పల్చటి రంగును వాష్ అంటారు. దానికి ఆయిల్ రంగును వైట్ స్పిరిట్‌లో కలిపి మూలల్లో, రివెట్ల చుట్టూ మాత్రమే పెట్టండి. కింద గ్లాస్ వార్నిష్ ఉండాలి. బండినంతా అందులో తడిపితే, రంగు పడని లోపలి ప్లాస్టిక్ అతుకుల దగ్గర పగుళ్లిస్తుంది.

అంకెల స్టిక్కర్లు అంచుల దగ్గర మెరుస్తున్నాయి?

గరుకు రంగు మీద పెట్టారు, కింద గాలి చిక్కుకుంది. ముందు గ్లాస్ పూత, తర్వాత డెకాల్, అంటే ఆ స్టిక్కరు, తర్వాత మెరుపు లేని మ్యాట్ పూత. ఏళ్ల నాటి కిట్లో డెకాల్ పసుపెక్కితే, కవర్లో పెట్టి కిటికీ అద్దానికి ఎండ తగిలేలా అంటించండి. మన ఎండ కనీసం ఈ పనికి పనికొస్తుంది.

వాసనకు ఇంట్లో గొడవ. మాస్కు వేసుకుంటే చాలా?

గుడ్డ మాస్కు, ఎన్-95 దుమ్మును ఆపుతాయి, ద్రావకాల ఆవిరిని కాదు. ఘాటు ద్రావకాలుండే ల్యాకర్ రంగులు కొట్టేవాళ్లు కార్బన్ క్యాట్రిడ్జిల రెస్పిరేటర్ కొనాల్సిందే. వంటగది పక్కన, దీపం ముందర కొట్టకండి. ఇంట్లో పసిపిల్లలుంటే నీళ్ల అక్రిలిక్‌లకే పరిమితం కండి.

చిన్న ముక్క ఎగిరిపోయింది. ఎక్కడ వెతకాలి?

ముందు ఫ్యాను ఆపండి, చీపురు పట్టినవాళ్లను ఆపండి. తర్వాత సెల్ టార్చిని నేలకు ఆనించి పడుకోబెట్టండి, చిన్న ముక్కకు కూడా పొడవాటి నీడ పడుతుంది.

ఆరడానికి మిద్దె మీద పెట్టొచ్చా?

హన్మకొండలో ఉంటూ ఈ ప్రశ్న అడుగుతున్నారంటే మీ వాడలో కోతులు లేవన్నమాట. మా వాడలో ఉన్నాయి. ప్రైమర్ కొట్టిన టి-72 టరెట్‌ను పిట్టగోడ మీద పెట్టి చాయ్ తాగి వచ్చేలోపు, ఒకటి దాన్ని కొరికి చూసి, నచ్చక, పక్కింటి రేకుల మీదికి విసిరింది. ఫిరంగి గొట్టం మీద పళ్ల గాట్లు పడ్డాయి. వాటిని పుట్టీతో పూడ్చలేదు, అట్లాగే రంగేశాను. చూసినవాళ్లు ఏ యుద్ధంలో తగిలిన దెబ్బలని అడుగుతారు.

ఇప్పుడు మీ బల్ల మీద ఏముంది?

టి-55. టరెట్ గరుకు పని అయింది, ఎడమ చైను అయింది. కుడి చైనులో ఒక లింకు తక్కువొచ్చింది, మంచం కింద టార్చి పెట్టి రెండు రోజులుగా వెతుకుతున్నాను.